పరకాయ చొక్కా

స్క్రూ మళ్ళీ జారి బల్ల కిందకి దొర్లింది. వంగి తీసుకుందామనుకున్నాడు కోటిలింగం. ఎడమకాలు మాట వినలేదు. ఆ కాలు ఆయనది కాదు. పొద్దున్నే తొడుక్కున్న పరకాయ చొక్కాది.

చొక్కా అంటారు గానీ, అది తలమీది టోపీ నుంచి పాదాల దాకా ఉండే పల్చటి తొడుగు. తొడుక్కున్న మనిషి ఒంటిని ముందు కొలిచి గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఆ ఒంటిని మరిపించి, పనిలో చేరబోయే మనిషి ఒంటిని ఇస్తుంది. ఏ మెట్టు తీసెయ్యాలో, ఏ బల్ల దించాలో యజమానికి స్వయంగా తెలియాలని దాన్ని తయారుచేశారు. అది వచ్చాక ఊరూరా దుకాణాల ముందు మెట్లు పోయి వాలుబాటలు వచ్చాయి.

ఆ రోజు కోటిలింగం తొడుక్కున్నది సలోమి శరీరం. పుట్టుకతోనే ఎడమచెయ్యి, ఎడమకాలు పట్టు తప్పిన అమ్మాయి ఆమె. పొలాల మీద మందు చల్లే తూనీగ యంత్రాలను బాగుచేసే ఆయన షెడ్డులో మెకానిక్ పని అడిగింది.

సాయంత్రం హైమవతి వచ్చి చొక్కా విప్పించింది. ఇలాంటి కొలువుల్లో ఇరువైపులా సాయపడే ‘కొలువుతోడు’ ఆమె. వెనకే సలోమి వచ్చి నిలబడింది.

కోటిలింగం కళ్ళు తడిగా ఉన్నాయి. “ఎట్టా నెట్టుకొస్తన్నావమ్మా ఈ ఒంటితో? నీకు బల్ల పని వద్దులే. ఫ్యాను కింద కుర్చీ వేయిస్తా. వచ్చినోళ్ళని పలకరిస్తా కూచో. జీతం అదే.”

సలోమి ముఖం వాడిపోయింది. పాడైన తూనీగను విప్పి, అదెందుకు ఎగరడం లేదో కనిపెట్టడం తప్ప ఆమెకు చిన్నప్పటి నుంచీ మరో సరదా లేదు. ఆ కుర్చీలో ఒకసారి కూర్చుంటే తనను ఇంకెవరూ బల్ల దగ్గరికి రానివ్వరు.

ఆమె చొక్కా వైపు చూసింది. “మేడమ్, ఇందులో ఇప్పుడు సార్ ఒళ్ళు కూడా ఉంటదా?”

“రేపు తుడిచేదాకా ఉంటుంది.”

“నేనొకసారి తొడుక్కోవచ్చా?”

హైమవతి తడబడింది. “కూడదని ఎక్కడా లేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా.”

“తొడుక్కోనీ,” అని నవ్వాడు కోటిలింగం. “నా పొట్ట మోస్తే తెలుస్తది.”

చొక్కా తొడుక్కోగానే సలోమి ఎడమచేతి వేళ్ళు మొదటిసారి ఒక్కొక్కటిగా ముడుచుకున్నాయి. ఆమె వాటినే చూస్తూ ఉండిపోయింది. తర్వాత రెండు చేతులతో స్క్రూ బిగించబోయింది. ఆ రెండో చేతిని ఏం చెయ్యాలో తెలియలేదు. స్క్రూ జారిపడింది.

పడిన చప్పుడు ఒక్క ఎడమచెవికే వినిపించింది. కుడివైపు లోకమే లేనట్టుంది. సలోమి చెయ్యి కుడిచెవి మీదికి వెళ్ళింది.

కోటిలింగం నవ్వు ఆగిపోయింది. “ఇక చాలు. తియ్యమ్మా.”

తూనీగ జబ్బును దాని రొద విని చెప్పేస్తాడని ఆయనకు పేరు. ఒక చెవి పోయిందని తెలిస్తే ఆ షెడ్డుకు ఎవరొస్తారు? సలోమికి అర్థమైంది. చెవి ఊసెత్తకుండా చొక్కా విప్పేసింది.

“మీ ఒళ్ళు వాడటం నాకు రాలేదు సార్. నా ఒళ్ళు మీకు రాలేదు,” అంది. “ఇది మాత్రం నాకొచ్చు.”

తూనీగ రెక్కను ఎడమ మోచేత్తో రొమ్ముకు అదిమి, స్క్రూను పెదాలతో పట్టి రంధ్రంలో నిలిపింది. కుడిచేత్తో బిగించింది. కోటిలింగం దగ్గరికొచ్చి రెక్కను కదిపి చూశాడు. కదల్లేదు.

“అయితే ఏం రాయమంటారు? బల్లా, కుర్చీయా?” ఆయన కుడిపక్క నుంచి అడిగింది హైమవతి.

ఆయన పలకలేదు. రెక్కనే చూస్తున్నాడు.

“మా ఓనరంతే మేడమ్,” అన్నాడు కుడివైపు మూలనున్న మెకానిక్ దావూద్. “మనసైతేనే పలుకుతాడు.”

సలోమి మెల్లగా కాలీడ్చుకుంటూ ఆయన ఎడమపక్కకు వచ్చి నిలబడింది.

“సార్, బల్లా కుర్చీయా అని మేడమ్ అడుగుతున్నారు.”

కోటిలింగం ఆమె నిలబడిన చోటును చూశాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు.

“బల్లే,” అన్నాడు. “నా ఎడంపక్కది.”

“కుడిపక్కదైతే ఫ్యాను కింద ఉందిగా ఓనరు గారూ,” అన్నాడు దావూద్.

ఆ మాట కోటిలింగానికి వినబడలేదు.

“నాకిక్కడే బాగుందన్నా,” అంది సలోమి.