రెండు స్పీకర్ల నడుమ

పాత స్టీరియో రిసీవర్లు బాగుచేసే ఆ మెకానిక్ దెయ్యాలను నమ్మడు. మనుషుల చెవులనైతే అసలే నమ్మడు. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చినప్పుడు పాటలో ప్రాణం పోయిందని గగ్గోలు పెట్టినవాళ్ళున్నారు. ఆ ట్రాన్సిస్టర్లన్నీ గోరంత చిప్పులో ఒదిగిపోయాక, ప్రాణమంతా ట్రాన్సిస్టర్లలోనే ఉండేదని నిట్టూర్చినవాళ్ళూ ఉన్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడన్న సామెత యంత్రాలకూ చెల్లుతుందని అతని అభిప్రాయం.

అక్క భర్త మాత్రం ట్రాన్సిస్టర్ల పక్షం. "చిప్పుల్ని నమ్ముకున్నవాడి చేతికి చివరికి చిప్పే మిగులుతుందోయ్!" అని బావమరిదిని ఏడిపించేవాడు. "మీ ట్రాన్సిస్టర్లు కాలిననాడు నా గుమ్మమే ఎక్కాలి బావా" అని ఇతను చురక అంటించేవాడు.

బావ పోయిన కొన్నాళ్ళకు ఆయన రిసీవర్లో ఎడమ ఛానల్ నిజంగానే కాలిపోయింది. దానికి సరిజోడు ట్రాన్సిస్టర్లు ఎక్కడా దొరకలేదు. అతను ఆ పక్కన చిప్పు బోర్డు బిగించాడు. ఒక పక్క మారిస్తే రెండో పక్కా మార్చాలన్నది ఆ వృత్తిలో కట్టుబాటు. కానీ అక్క అడ్డుపడింది. "కుడివైపువి మీ బావ తన చేత్తో అతికించినవిరా, వాటి జోలికి పోకు." అతను సరేనన్నాడు. మోత సమంగా ఉంటే చాలు, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఒక్కసారి వచ్చిపోరా." గొంతు మరీ నెమ్మదిగా ఉంది, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు.

వెళ్ళేసరికి పట్టపగలే కర్టెన్లు వేసి ఉన్నాయి. గదిలో వేడెక్కిన దుమ్ము వాసన. రిసీవర్ పసుపు దీపం వెలుగుతోంది. అక్క తన కుర్చీని కుడివైపు మూలకు, గోడకు ఆనేంతగా జరుపుకుని కూర్చుంది. బుగ్గలు లోపలికి పోయాయి.

"తిండి మానేశావా అక్కా? లే, మా ఇంటికి పోదాం."

"ఆయన్ని వదిలి ఎలా రానురా?"

ఆమే చెప్పుకుపోయింది.

"పాట నడుస్తుంటే ఆ పాడేవాడు రెండు స్పీకర్ల నడుమ నిలబడినట్టు వినిపిస్తాడు చూడు... పాట అయిపోయాక అక్కడే మీ బావ ఉండేవారు. ఊపిరి వినిపించేది. నాకు ధైర్యంగా ఉండేది. నువ్వు బాగుచేసి వెళ్ళాక కదలడం మొదలుపెట్టారు. రోజూ కాస్త కుడికి... నా కుర్చీ వైపు. రెండు చేతులూ పట్టుకుని ఆపినవాణ్ణి, ఒక చెయ్యి వదిలేసినట్టుంది."

నడుమ వినిపించేది చెవులు అల్లుకునే భ్రమ అని అతనికి తెలుసు. ఆ మాట చెప్తే అక్క వినదనీ తెలుసు.

"అక్కడెవరూ లేరని చూపిస్తే నాతో వస్తావా?"

అక్క తలూపింది. "వస్తాను."

పరీక్ష చిన్నదే. స్పీకర్లు రెండూ తీసేసి, ఒక్కదాన్నే తెచ్చి రెండు ఛానళ్ళ ప్లస్ తీగల మధ్య తగిలించాడు. అప్పుడు రెండింటిలో సమానంగా ఉన్నదంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తేడా ఏదైనా ఉంటే అదొక్కటే వినిపిస్తుంది. పక్కనున్న ప్లేయరు మీద రికార్డు పెట్టి, రెండు ఛానళ్ళలోనూ ఒకే ధ్వని వచ్చేలా మోనో మీట నొక్కి, బాలెన్స్ నాబ్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పాడు. పాట సన్నబడింది. దోమ రొదంత అయింది. మాయమైంది.

"విన్నావా? చిప్పూ, ట్రాన్సిస్టరూ ఒక్కటే. తేడా సున్నా."

అక్క చెయ్యెత్తి ఆగమంది.

స్పీకర్లోంచి... ఊపిరి.

నిదానంగా లోపలికి. ఆగింది. నిదానంగా బయటికి.

రికార్డులోది కాబోలు అనుకుని ముల్లు ఎత్తేశాడు. ఊపిరి ఆగలేదు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించాడు. తగ్గలేదు. అక్క కుర్చీలోంచి ముందుకు వంగి, కళ్ళు మూసుకుని వింటోంది. ఇంత స్పష్టంగా ఆమె కూడా ఎన్నడూ విని ఉండదు. ఉన్నట్టుండి కళ్ళు తెరిచింది.

"తమ్ముడూ..." గుసగుసలాడింది. "మీ బావకు ఉబ్బసం. ఊపిరి పీలిస్తే పిల్లికూతలు వచ్చేవి."

"అవును."

"ఇందులో ఆ కూతలేవిరా?"

అతను స్విచ్ ఆపేశాడు. పాత పెట్టెల్లో కరెంటు ఒక్కసారిగా చావదు. పసుపు దీపం నారింజ అయింది... ఎర్రబడింది... ఆరిపోయింది. దానితోపాటే స్పీకర్ కూడా అణగిపోవాలి.

అణగలేదు. అతను తీగలు పీకేశాడు. వాటి రాగి కొనలు చేతిలోనే ఉన్నాయి.

ఊపిరి వినిపిస్తూనే ఉంది. స్పీకర్లోంచి కాదు. అక్క కుర్చీ వెనకనుంచి. గోడకూ కుర్చీకీ మధ్య అరచెయ్యి కూడా పట్టని సందులోంచి.

"లే అక్కా."

"కాళ్ళు రావడం లేదురా..."

రెక్క పట్టి లేపాడు. వెనక్కి చూడలేదు, చూడనివ్వలేదు. తలుపు లాగి తాళం వేశాడు. లోపల ఏ అలికిడీ లేదు.

మెట్లమీద ఎండ పడుతోంది. కింద ఎవరిదో స్కూటర్ స్టార్టయిన చప్పుడు. ఎప్పటి లోకం అప్పటిలాగే ఉంది. అక్క అతని కుడిచెయ్యి గట్టిగా పట్టుకుని మెట్టు మెట్టూ చూసుకుంటూ దిగుతోంది. ఎలాగైతేనేం, ఆ గది వదిలి వచ్చింది. అతనికి గుండె కాస్త కుదుటపడింది.

"ఇక ఆ ఇంటి గడప తొక్కనవసరం లేదు. మీ మరదలు నీకు తోడుంటుంది. సరేనా?"

"అలాగేరా తమ్ముడూ."

అతను ఆగిపోయాడు. అది అక్క గొంతే, సందేహం లేదు. కానీ ఎడమ చెవి పక్కన వినిపించింది.

మెల్లగా కుడివైపు చూశాడు. అక్క అతని ముఖంలోకి ఆదుర్దాగా చూస్తోంది. ఆమె పెదవులు కదిలాయి.

"ఏమైందిరా, ఆగిపోయావు?"

మాట మళ్ళీ ఎడమవైపునుంచే వచ్చింది. ఆ పక్కన ఖాళీ మెట్లు, సున్నం గోడ తప్ప ఏమీ లేవు. ఆమె పెదవులకూ, ఆమె మాటకూ నడుమ అతను నిలబడి ఉన్నాడు.