తువ్వాల కింద చెయ్యి

"టీచరమ్మా, ముందు ఆ చెయ్యి బయటికి తీయండి!"

మునినారాయణ అరిచిన అరుపుకు చింతామణి సంతలో ఎద్దులు కూడా తలలు తిప్పి చూశాయి.

సులోచన చెయ్యి తియ్యలేదు. ఆమె కుడిచెయ్యి ఎర్ర గళ్ళ తువ్వాల కింద ఉంది. అదే తువ్వాల కింద ఇంకొక చెయ్యి ఉంది. అది బెంగళూరు విలేకరి పద్మనాభది.

"ఏమప్పా ఎడిటరూ, నిప్పు తొక్కినట్టు ఎగురుతాండారు? సారుకు సంత బేరం చూపిస్తాండాను."

పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని తేల్చుకుంటారు. పక్కవాడికి పైసా తెలియదు. మునినారాయణ దానిని పుట్టినప్పటినుంచీ చూస్తున్నాడు. కానీ ఎద్దు లేనిచోట బేరమేమిటి? అదీ అతని మంట.

"నాలుగు వేళ్ళు పట్టుకుంటే నాలుగు వందలా?" పద్మనాభ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"వదలండి సారూ, ఎద్దు యాడుండాది ఇక్కడ?" అని సులోచన కూడా నవ్వి చెయ్యి లాక్కుంది.

ఆ నవ్వు మునినారాయణ గుండెలో ముల్లై దిగింది.

అతనిది బాగేపల్లి. ఒక చిన్న ప్రెస్సు, ఒక వారపత్రిక. తాలూకా ఆఫీసును తిట్టడానికే పెట్టిన పత్రిక. సులోచన అక్కడి హైస్కూలు టీచరు, చింతామణిలో బట్టల అంగడి గుండప్ప కూతురు. రెండేళ్ళుగా శనివారం శనివారం ప్రెస్సుకు వచ్చి ప్రూఫులు దిద్దుతోంది. "కామా పెడితే మీ సొమ్మేం పోతాదప్పా?" అని ఎగతాళి చేస్తుంది. ఆమె వచ్చే రోజు మాత్రం అతను గడ్డం గీసుకుంటాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. మంత్రినైనా నిలదీసే మనిషికి ఆమె ముందు నాలుక అంగిటికి అంటుకుపోయేది. ఇట్లాంటి వీరులు మన ఊళ్ళలో తక్కువేమీ లేరు.

ఆ రోజు చింతామణిలో చుట్టుపక్కల హైస్కూళ్ళ పిల్లలకు పత్రికా వ్యాసాల పోటీ; సులోచన తన స్కూలు పిల్లలతో వచ్చింది. ఆలోచన మునినారాయణదే. ఇంట్లో కూర్చుని ఆవు మీద వ్యాసం రాస్తే అది పత్రికా రచన ఎట్లా అవుతుందని కొట్లాడి, పిల్లలందరినీ సంతకు తోలాడు. పొద్దున సంతలో తిరిగి నలుగురినీ అడగాలి, మధ్యాహ్నం హాల్లో కూర్చుని రాయాలి. టీచర్లు ఒక్క ముక్క చెప్పినా ఆ వ్యాసం చెల్లదు. ఈ రూలూ అతనిదే. జడ్జీలు ముగ్గురు: అతను, పద్మనాభ, రిటైరయిన హెడ్మాస్టరు రామచంద్రప్ప.

పిల్లలు రాస్తుండగా పద్మనాభ టీ తాగుతూ మెల్లిగా అడిగాడు. "మీ సులోచనకు సంబంధం ఏదైనా కుదిరిందా? సాయంత్రం వాళ్ళ నాన్నను చూసి మాట్లాడి పోదామనుకుంటున్నా."

మునినారాయణ గొంతు కాలింది. టీ వేడి అని చెప్పాడు.

హాలు రేకుల మీద వాన దబదబా పడుతోంది. పిల్లలు లేచాక ముగ్గురూ వ్యాసాలు చదివారు. వాటిమీద పేర్లు లేవు, నంబర్లే. పదిహేడో నంబరు వ్యాసం తువ్వాల బేరం గురించి. "ధర ఎవరికీ వినపడదు. అమ్మినాయన తాడు ఊడదీసుకుని ఉత్త తాడుతో నిలబడినప్పుడు ఆయన మొహంలో కనపడుతుంది" అని రాసి ఉంది.

"దీనికే ఫస్టు" అన్నాడు రామచంద్రప్ప. పద్మనాభ సరే అన్నాడు.

సంతనిండా తువ్వాలలే. మునినారాయణ కళ్ళకు కనిపించింది ఒకటే. అందరూ మళ్ళీ హాల్లో చేరాక రామచంద్రప్ప బహుమతి ప్రకటించబోతుంటే అతను గబుక్కున లేచి మైకు లాక్కున్నాడు.

"పదిహేడు చెల్లదు! బాగేపల్లి టీచరమ్మ చెప్పి రాయించింది. సంతలో బేరం నేర్పిస్తాంటే నా కండ్లతో చూసినా!"

సులోచన లేచింది.

"పదిహేడు నా స్కూలు పిల్లోళ్ళది కాదు."

రామచంద్రప్ప పేర్ల కాగితం తీసి చూశాడు. "దిబ్బూరహళ్ళి హైస్కూలు, మునికృష్ణ."

చివరి వరసలో ఒక సన్నటి పిల్లవాడు లేచాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "మా నాయన ఎద్దుల బేరాలు కుదిర్చే దలాలి సారూ. నాకు ఎవరూ చెప్పలేదు."

రామచంద్రప్ప కళ్ళద్దాలు తీశాడు. "ఏమప్పా, ఇంతమంది టీచర్లుంటే ఆ అమ్మ మీదే ఎందుకొచ్చింది నీకు అనుమానం?"

పొరబాటయింది అంటే సరిపోయేది. పత్రికలో అబద్ధాలు రాసేవాళ్ళను వారం వారం చీల్చేవాడికి అది నోటికి రాలేదు.

"అసూయ" అన్నాడు.

"ఏమీ?"

"అసూయ అంటాండా! ఈమె చెయ్యి ఈయన చేతిలో చూసి కడుపు మండింది. నేను వ్యాసం చదవలేదు, ఆ చెయ్యే చదివినా. తప్పు నాది. బహుమతి ఆ పిల్లోనిదే. నన్ను జడ్జిగా తీసేయండి."

పిల్లలు ఈలలు వేశారు. పద్మనాభ వేదిక మీదనుంచే సులోచన వైపు వంగాడు. "నేనింక మీ నాన్నగారిని చూడనవసరం లేదేమో."

"నన్ను అడక్కుండా మా నాయనను చూస్తారా సారూ? నేనేమన్నా సంతకు తోలుకొచ్చిన ఎద్దునా?"

అని నేరుగా వేదిక దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్ళూ "మీరు" అన్న మనిషి ఇప్పుడు ఆ మాటే మరిచింది.

"రెండేండ్లు నీ తప్పులు దిద్దినా. ఒక పిల్లోన్ని ఏడిపిస్తే గానీ నీ నోట్లోనుంచి ఈ మాట రాలేదా?"

"రాలేదు."

"సిగ్గులేదా?"

"ఉండాది. అందుకే రాలేదు."

ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "ముందు కిందికి దిగి ఆ పిల్లోని దగ్గరికి పో. తప్పయిపోయిందని చెప్పు. నీ చేత్తోనే బహుమతి ఇయ్యి."

మునినారాయణ దిగాడు. అందరూ చూస్తుండగా చెప్పాడు. మునికృష్ణ ముక్కు తుడుచుకున్నాడు.

"మీ పేపర్లో నా వ్యాసం వేస్తారా సారూ?"

"మొదటి పేజీలో. నీ పేరు పెద్దక్షరాలతో."

వాన తగ్గకముందే సులోచన చెప్పులు వేసుకుంది. "రా. మా నాయన అంగడిలోనే ఉండాడు. మెల్లిగా మాట్లాడు."

"నాకు మెల్లిగా చేతకాదే."

"అయితే అరుచుకో. పక్కన నేనుంటా."

గుండప్ప బట్టలు మడుస్తూ తలెత్తాడు. ఎదురుగా తడిసి ముద్దయిన మనిషి, వెనక చిన్నగా నవ్వుతున్న కూతురు.

"ఎవరప్పా నువ్వు? ఏం కావల్ల?"

మునినారాయణ గొంతు సవరించుకుని పిల్లనిమ్మని అడిగాడు. వీధి అవతల ఉన్న ఇనుపసామాను అంగడిలో బేరాలు ఆగిపోయాయి.