మూడో రిమైండర్

పొద్దున ఆరింటికి గుండయ్య పాలు పోసి అటు వెళ్లగానే, ఆండాలు గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్లి ఆ రోజు గడిలో ఒక టిక్కు కొడుతుంది. ఆమె టిక్కుకు తోక పొడుగు. పక్క గడిలోకి తొంగిచూస్తుంది. గ్లాసెడే పాలు, అవీ ఐదేళ్ల కూతురు సక్కు కోసం. నిరుడు టైఫాయిడ్‌లో చావు దాకా పోయి వచ్చిన పిల్ల, పాలు మాన్పించవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లో మిగతా ముగ్గురికీ, అంటే ఆండాలుకూ, మొగుడు ప్రహ్లాద్‌కూ, అత్త ఆగమ్మకూ నల్ల చాయే. కట్టెల మిల్లులో చెయ్యి నలిగినప్పటి నుంచి ప్రహ్లాద్ ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఇల్లంతా ఆండాలు ఉద్యోగం మీద నిలబడి ఉంది. ఆ ఉద్యోగమేమో ఇంకా టెంపరరీ.

ఆమె పనిచేసే లైబ్రరీ గౌలిపురాలో ఒక పాత దేవిడీలో, అంటే నవాబుల కాలపు పెద్ద భవంతిలో ఉండేది. ఎత్తు గోడలు, మందపాటి తలుపులు, బయట ఎండ మండిపోతున్నా లోపల మసక. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు వరకు, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు తెరిచి ఉంటుంది. మధ్యలో తాళం. ఆండాలుది పత్రికల సీటు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిపి డెబ్బైకి పైగా పత్రికలు చందా మీద వస్తాయి. వాటి లెక్కంతా ఒక ఇనుప బీరువాలో ఉంటుంది. దాన్ని కార్డెక్స్ అంటారు. పలచటి ట్రేలు, ట్రేలో పత్రికకొక కార్డు, కార్డు మీద నెలకొక గడి. సంచిక పోస్టులో రాగానే దాని మీద తేదీ ముద్ర కొట్టి, కార్డు తీసి, ఆ నెల గడిలో టిక్కు పెట్టాలి. అంతే పని. దెయ్యం కథ అని కూర్చోబెట్టి ట్రేల సంగతి చెబుతున్నాడేమిటని అనుకోకండి. దెయ్యం ఆ ట్రేలోనే ఉంది.

ఆ సీటు అంతకుముందు దుర్గయ్యది. నోట్లో నాలుక లేని మనిషి. సీసా అడుగంత మందం కళ్లద్దాలు, ఎప్పుడూ కంటి మందు వాసన. రాయడానికి ఆకుపచ్చ సిరా. సంచిక రాకపోతే ఆ గడి ఖాళీగా వదిలి, పంపినవాళ్లకు కార్డు రాసేవాడు. మొదటి రిమైండర్, నెల చూసి రెండోది, ఇంకో నెల చూసి మూడోది. మూడోది మాత్రం జవాబు కార్డు. రెండు పోస్టుకార్డులు అతికి ఉంటాయి కదా, అది. ఒకదాని మీద తను అడిగేవాడు, రెండోదాని మీద వాళ్లు జవాబు రాసి పంపాలి. మూడోదే ఆఖరు. అప్పటికీ రాకపోతే చందా బందు.

డెబ్బై ఆరు మే నెలలో దుర్గయ్య కంటి ఆపరేషన్‌కు సెలవు పెట్టాడు. ఆ నెలాఖరున ఆండాలును ఆ సీటులో కూర్చోబెట్టారు. జూన్‌లో తనిఖీ ఉందని లైబ్రేరియన్ బాబురావు ఒకటే తొందర. పశువుల వైద్యం మీద మద్రాసు నుంచి వచ్చే ఒక పత్రిక కార్డులో జనవరి నుంచి మే దాకా ఐదు గడులు ఖాళీగా కనిపించాయి ఆమెకు. చూపు సరిగా ఆనని ముసలాయన పెట్టడం మరిచిపోయి ఉంటాడులే, సంచికలు ఆ కట్టల్లో ఎక్కడో ఉంటాయిలే అనుకుంది. వరసగా ఐదు టిక్కులు కొట్టేసింది. వెనక్కి తిరిగి చూడలేదు.

తనిఖీలో ఆ ఐదూ అడిగారు. రాక్‌లో లేవు. ఏ కట్టలోనూ లేవు. కార్డులో మాత్రం వచ్చినట్టే ఉంది. సెలవు ముగించుకుని అప్పుడే తిరిగొచ్చిన ముప్ఫై ఏళ్ల సర్వీసు మనిషిని పట్టుకుని, పాత కాగితాలు కొనే రద్దీ దుకాణంలో అమ్ముకున్నావా అని అందరి ముందూ అడిగారు. దుర్గయ్య కార్డును కళ్లద్దాలకు ఆనించుకుని ఆ టిక్కుల తోకలు చాలాసేపు చూశాడు. ఆండాలు వైపు ఒక్కసారి చూశాడు. ఆమె పేరు ఎత్తలేదు. "అవి వచ్చినయా, రాలేదా? గదొక్కటి ఎవలన్న జెప్పుండ్రి, జాలు," అన్నాడు. ఆండాలుకు నిజం నోటిదాకా వచ్చింది, మళ్లీ మింగేసింది. చెబితే టెంపరరీ మనిషిని ఆ పూటే ఇంటికి పంపేస్తారు.

ఆ సాయంత్రం సస్పెన్షన్ కాగితం జేబులో పెట్టుకుని వెళ్తూ ఆయన ఆమె బల్ల దగ్గర ఆగాడు. "బిడ్డా, ఖాళీ గడంటే మరుపు గాదు. అడుగుడు ఇంక అయిపోలేదని," అన్నాడు, పని నేర్పుతున్నట్టే. జూలై నెలాఖరుకు పోయాడు. బెంగతో పోయాడన్నారు. ఆయన భార్య రాజమణి శవం పక్కన కూర్చుని, దొంగ పేరు మోసుకుని పోయినవా అని ఏడుస్తుంటే, ఆండాలు ఒక్క నిమిషం కూడా అక్కడ నిలబడలేకపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అందరూ తననే చూస్తున్నారనిపించింది.

ఆగస్టులో పోస్టులో ఒక కార్డు వచ్చింది. లైబ్రరీ వాళ్ల సొంత రిమైండర్ కార్డే. పైన "పత్రికల సీటుకు" అని ఉంది. లోపల ఆకుపచ్చ సిరాలో, జనవరి నుంచి మే దాకా ఐదు సంచికలు అందలేదు, మొదటి రిమైండర్ అని. ముసలాయన ఎప్పుడో మద్రాసుకు రాసినది తిరిగొచ్చిందనుకుని చింపేసింది. సెప్టెంబర్‌లో రెండోది వచ్చింది. దాని మీద తేదీ ఉంది. అది ఆయన పోయిన నలభయ్యో రోజు. దాన్ని ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టింది. ప్రహ్లాద్‌కు చెప్పలేదు.

అక్టోబర్ పద్నాలుగున మిగిలిన తనిఖీ ముగించడానికి కొత్త అధికారి సాయంత్రం నాలుగింటికి వస్తారని కబురు వచ్చింది. కార్డెక్స్ సరిగా ఉంటే ఆండాలు పర్మనెంటు ఆర్డరు అదే రోజు చేతికిస్తారని బాబురావు చెప్పాడు. మధ్యాహ్నం ఉండి ట్రేలన్నీ సర్దుతానంది. తలుపు తీసి ఉంటే పాఠకులు వచ్చేస్తారని, అటెండరు మల్లన్న బయట తాళం వేసుకుని భోజనానికి వెళ్లాడు.

దెయ్యాలు రాత్రుళ్లే తిరుగుతాయని చెప్పినవాడెవడో మిట్టమధ్యాహ్నం పాతబస్తీ గల్లీ చూడలేదు. జొహర్ నమాజు అయిపోయాక దుకాణాల షట్టర్లు సగానికి దిగుతాయి. రిక్షాలవాళ్లు రిక్షాల్లోనే నిద్రపోతారు. కుక్క కూడా మొరగదు. లోపల పాత కాగితాల వాసన, అట్టలు అంటించే లై వాసన, కలరా ఉండల వాసన. ఫ్యాను తిరిగి తిరిగి ఆగిపోయింది. కరెంటు పోయింది. ఎత్తులో ఉన్న రంగు అద్దాల కిటికీ నుంచి కొంచెం వెలుగు పడుతోంది. ఆండాలు పదకొండో ట్రే సర్దుతోంది. పశువుల పత్రిక కార్డు పన్నెండో ట్రేలో ఉంది. దాన్ని ఆఖరుకు చూద్దామని వదిలేసింది.

అప్పుడు ఇంకో వాసన వచ్చింది. కంటి మందు వాసన.

ఆమె తల ఎత్తలేదు. ఎవరిదో చేతిరుమాలు పడి ఉంటుందని మనసుకు చెప్పుకుంది. వెనక, పత్రికల రాక్‌ల అవతల...

టప్.

తేదీ ముద్ర చప్పుడు. నాలుగు నెలలుగా రోజూ వింటున్న చప్పుడే. ముందు ఇంకు ప్యాడ్ మీద మెత్తగా, తర్వాత కాగితం మీద గట్టిగా. ముద్ర మాత్రం ఆమె ఎదురుగా, బల్ల మీదే ఉంది.

టప్... టప్...

లెక్కపెట్టకూడదనుకుంది. లెక్కపెట్టింది. ఐదు. తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం ఇంకా ఘోరంగా ఉంది.

లేచి తలుపు దగ్గరికి పరుగెత్తింది. గట్టిగా లాగితే బయటి తాళం మోగింది. తలుపుకు ఉత్తరాలు వేసే సందు ఉంది, దానికి ఇత్తడి మూత. ఆమె చూస్తుండగానే మూత లేచింది. ఒక కార్డు లోపలికి జారి కాళ్ల దగ్గర పడింది. పోస్టుమాన్ రెండో బట్వాడా ఆ వేళకే, అందుకు ప్రాణం కొంచెం కుదుటపడింది. వంగి తీసుకుంది.

జవాబు కార్డు. రెండు కార్డులు అతికి ఉన్నాయి. ఒకదాని మీద ఆకుపచ్చ సిరాలో, ఐదు సంచికలు వచ్చినవా, రాలేదా, దయచేసి తెలపండి. మూడో రిమైండర్. సిరా తడిగా ఉంది. ఆమె కుడి బొటనవేలికి అంటుకుంది.

"వచ్చినయా బిడ్డా... రాలేదా?"

గొంతు తలుపు అవతల నుంచా, రాక్‌ల వెనక నుంచా తెలియలేదు. గుసగుస. కోపం లేదు అందులో. కోపం ఉంటే బాగుండేదనిపించింది ఆండాలుకు. తిడితే ఏడ్చి కాళ్లు పట్టుకునేది.

"గదొక్కటి రాయి, జాలు."

కలం చేతిలోనే ఉంది. రాలేదు అని మూడక్షరాలు రాస్తే అయిపోతుంది. ఆమెకు తెలుసు. కానీ తన చేతిరాతతో అలాంటి కార్డు బయటికి వెళ్తే, రేపు అది ఎవరి బల్ల మీద పడుతుందో! సక్కు కళ్లముందు కదిలింది, పాల గ్లాసు రెండు చేతులా పట్టుకుని. బిడ్డ కోసమే గదా, అనుకుంది. చచ్చిపోయినాయనకు ఇప్పుడు పేరుతో పనేముంది, అని కూడా అనుకుంది. ఇలాంటి మాటలు మనసు ఎంత తేలిగ్గా అల్లుతుందో అల్లినవాళ్లకే తెలుసు.

ఖాళీ కార్డు మీద "వచ్చినవి" అని రాసింది. దాన్ని అతుకు దగ్గర చింపి, సందులోంచి బయటికి తోసింది.

కార్డు సగం దూరం వెళ్లింది. అవతలి నుంచి ఎవరో దాన్ని మెల్లగా అందుకున్నారు. లాగలేదు... అందుకున్నారు.

"మంచిది బిడ్డా. నీ టిక్కులు నువ్వు తీస్కపో."

ఇత్తడి మూత పడింది. కంటి మందు వాసన పోయింది. ఎంతసేపయిందో, ఫ్యాను మళ్లీ తిరగసాగింది. మల్లన్న తాళం తీసేసరికి ఆమె తలుపు పక్కనే నేల మీద కూర్చుని ఉంది. అడిగితే ఉక్కపోతకు కళ్లు తిరిగాయంది. పోస్టుమాన్ వచ్చాడా అని అతన్ని అడిగింది. ఇవాళ రెండో బట్వాడా లేదన్నాడు మల్లన్న.

అధికారి పన్నెండో ట్రే లాగినప్పుడు ఆండాలు కళ్లు మూసుకుంది. పశువుల పత్రిక కార్డు తీసి ఆయన, ఇవి రానే లేదు కదా, ఇందులో పోయిందేముంది అన్నాడు. కళ్లు తెరిచింది. ఐదు గడులూ ఖాళీ. తెల్లగా, ఎన్నడూ కలం తగలనట్టు ఉన్నాయి. బాబురావు కార్డు లాక్కుని వెలుతురుకు పట్టి చూశాడు. గీకిన గుర్తు లేదు. అప్పుడు మనం తప్పు కార్డు చూసినమా ఏంది అని తనలో తనే గొణుక్కున్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "దుర్గయ్య నిజమే జెప్పిండు. మనమే ఆయన్ని చంపుకున్నం," అన్నాడు. మచ్చ తీసేయమని ఆ రోజే పైకి రాస్తానని, రాజమణికి తనే వెళ్లి చెబుతానని అన్నాడు. ఆండాలు చేతిలో ఆర్డరు పెట్టాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకు. ఆయన పేరు ఆయనకు దక్కింది, తన ఉద్యోగం తనకు దక్కింది. ముసలాయన మంచివాడు, చచ్చి కూడా కనికరించాడు అనుకుంది. ఉప్పుగూడలో ఇంటి దాకా నడుస్తూ ఎన్నిసార్లు దండం పెట్టుకుందో.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ. ఆగమ్మ గడపలో బియ్యం ఏరుతోంది. కోడలి ముఖం చూసి సంగతి అర్థం చేసుకుంది. లోపల సక్కు నిద్రపోతోందని చెప్పింది. ఆండాలు ఆర్డరు కాగితం క్యాలెండర్ మేకుకే గుచ్చుదామని గోడ దగ్గరికి వెళ్లింది.

పద్నాలుగో తేదీ గడిలో పొద్దున తను కొట్టిన టిక్కు ఉంది. పదిహేనులోనూ ఉంది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. ఇంకా పొయ్యని పాలకు ఐదు టిక్కులు. ఐదింటికీ పొడుగు తోకలు. ఇరవయ్యో గడి ఖాళీ. దాని తర్వాతవన్నీ ఖాళీ.

"అత్తమ్మా... ఇవి ఎవలు పెట్టిండ్రు?"

"నాకు రాతెక్కడొస్తదే? నువ్వే గదా పెట్టేది," అంది ఆగమ్మ బియ్యంలోంచి తల ఎత్తకుండా.

తడి గుడ్డ తెచ్చి రుద్దింది. కాగితం నానింది, చిరగబోయింది. టిక్కులు కదలలేదు. ఖాళీ గడంటే మరుపు కాదని, అడగడం ఇంకా అయిపోలేదని ఆయన చెప్పిన మాట గుర్తొచ్చి, ఇరవయ్యో గడినే పట్టుకుని చూసింది. అడిగితే ఈసారి చెబుతాను, ఊరందరి ముందూ చెబుతాను అని గోడకు చెప్పింది. మూడోదే ఆఖరని, ఆ తర్వాత బందేనని కూడా ఆయనే చెప్పేవాడు.

లోపల సక్కు లేచింది. కళ్లు నలుపుకుంటూ వచ్చి తల్లి కొంగు పట్టుకుంది. ఆండాలు గబుక్కున పిల్లను ఎత్తుకుని, ఆ చిన్న చెయ్యి తన చెంపకు ఆనించుకుంది. చెంపకు తడి తగిలింది.

చెయ్యి విప్పి చూసింది. సక్కు కుడి బొటనవేలికి ఆకుపచ్చ సిరా అంటుకుని ఉంది. ఇంకా ఆరలేదు.