గైడు వంతు

సాయంత్రం ఎండ కొండారెడ్డి బురుజు మీద నుంచి దిగిపోయే వేళకు సుంకప్ప అక్కడికి చేరి, రాని నవ్వు తెచ్చిపెట్టుకుని నిలబడతాడు. బెంగుళూరు నుంచీ హైదరాబాదు నుంచీ వచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని కర్నూలు పాతబస్తీ సందుల్లో తిప్పి, అంగడి అంగడి దగ్గరా కొంచెం కొంచెం తినిపించి, మధ్యలో కథలు చెప్పడం ఆయన పని. దానికి ఫుడ్ వాక్ అని పేరు పెట్టారు. స్పెయిన్ దేశంలో కూడా ఇట్లాగే ఒక బారు నుంచి ఇంకో బారుకు నడుస్తూ చిన్న చిన్న ప్లేట్లు తింటారనీ, తాను అవన్నీ తిరిగొచ్చాననీ ఆ రోజు వచ్చినవాళ్ళలో శ్రీదేవి అనే ఆవిడ చెప్పింది. సుంకప్ప తలూపాడు. ఏ దేశమైతేనేం, గైడుకు మిగిలేది కాళ్ళ నొప్పులే కదా అనుకున్నాడు.

ఆయన అలిసిపోయి చాలా కాలమైంది. పగలు లాడ్జిలో పని, సాయంత్రం ఈ నడక, రాత్రంతా పాప దగ్గర జాగరణ. పాప పేరు భువన. చలికాలంలో వచ్చిన జ్వరమైతే తగ్గింది గానీ, పోతూ పోతూ ఆకలిని వెంట తీసుకుపోయింది. ఏం పెట్టినా మొహం తిప్పుకుంటుంది. పక్కటెముకలు తేలాయి. ఇట్లాగే ఉంటే పిల్ల దక్కడం కష్టమని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. నాయన చేతి ముద్దయితే ఒకటో రెండో మింగుతుంది, అంతే.

అందుకే అంగళ్ళవాళ్ళు గైడు వంతని ఇచ్చే ప్లేటును సుంకప్ప నోట పెట్టుకోడు. పొట్లం కట్టించుకుని ఇంటికి మోస్తాడు. ఏదో ఒకటి పిల్ల నాలుకకు రుచించకపోతుందా అని ఆశ. ఊరందరికీ తినిపించే మనిషి ఇల్లు చేరేదాకా ఖాళీ కడుపుతో తిరుగుతాడని ఆ వచ్చినవాళ్ళలో ఎవరికీ తెలియదు.

మొదటి మజిలీ గిడ్డమ్మవ్వ బండి. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నూనె కాగిన వాసన సందు మొదట్లోనే ముక్కుకు తగులుతుంది. అవ్వ నూనెలోంచి తీసిన తొలి బజ్జీని ఎవరికీ అమ్మదు. ఆకుముక్క మీద పెట్టి పొయ్యి గట్టున ఉంచుతుంది. దాని మీద సుంకప్పకు ఒక కథ ఉంది, రోజూ చెప్పేదే.

"పూర్వం కరువు రోజుల్లో, కర్నూలు పోతే గంజి పోస్తారని పల్లెలకు పల్లెలు నడిచొచ్చాయి. ఊరు కనబడేంత దూరంలో దారిలోనే రాలిపోయినవాళ్ళు ఎందరో. ఈ తొలి బజ్జీ వాళ్ళ వంతు. దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు" అని చెబుతున్నాడు. నోరు చెబుతోంది గానీ మనసు అక్కడ లేదు. పొద్దుటి నుంచి కడుపులో ఏమీ పడలేదు. కళ్ళు మూతలు పడుతున్నాయి. వింటున్నవాళ్ళు ఉన్నట్టుండి నవ్వారు. ఎందుకు నవ్వారో సుంకప్పకు అర్థం కాలేదు. తరువాత తన నోట్లో మిరపకాయ మంట తెలిసింది. గట్టు మీద ఆకుముక్క ఖాళీగా ఉంది.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. ఆ రెండూ ఒక్కసారే మీద పడితే మనిషికి ఒళ్ళు తెలియదు.

"ఏం పని చేస్తివి సుంకప్పా" అంది గిడ్డమ్మవ్వ గొంతు తగ్గించి.

"చూసుకోలేదవ్వా. ఇంగోటి పెట్టు, సరిపోతాది."

"అట్ల సరిపోయేదేనా? వాళ్ళ వంతు నువ్వు తింటివి. నీ వంతు యాడుంటే ఆడికి పోతారు వాళ్ళు."

ఆమె పొయ్యి ఆర్పేసింది. పొట్లం ఇవ్వలేదు. సుంకప్ప కూడా అడగలేదు. ముసలామెకు చాదస్తం అనుకుని ముందుకు నడిచాడు.

తరువాతి సందులో వీధి దీపం వెలగడం లేదు. రెండు గోడల మధ్య పగటి వేడి ఇంకా నిలిచే ఉంది. మసాలా వాసన రావలసిన చోట ఎండిన చెరువు మట్టి వాసన వేసింది. సందు చివర బొజ్జన్న కారం దోశల అంగడి. ప్లేట్లు వచ్చాయి, అందరూ తిన్నారు, ఫొటోలు తీసుకున్నారు. పొట్లం మాత్రం రాలేదు.

"నాది కట్టియ్యలేదేమప్పా?" అని అడిగాడు సుంకప్ప.

బొజ్జన్న పెనం మీద నుంచి తలెత్తాడు. "ఇప్పుడే తింటివి కదప్పా. పొట్లం వద్దని నిలబడే తింటివి. పోన్లే, ఒకనాడన్నా కడుపుకు తింటాండాడని నాకు సంతోషమాయ."

"నేనా?"

"నువ్వే. నీళ్ళన్నా తాగకుండా పోతివి."

ఆటపట్టిస్తున్నాడేమో అని సుంకప్ప ఆయన మొహంలోకి చూశాడు. బొజ్జన్న నవ్వడం లేదు. ఇంకో దోశ పోస్తున్నాడు.

సుంకప్ప అక్కడి నుంచి కదిలాడు. శ్రీదేవి ఏవో ప్రశ్నలు అడుగుతూంటే ఊ కొడుతూ నడిచాడు. మలుపు దగ్గర ముందెవరో పోతున్నట్టు అనిపించింది. కుడికాలు కొంచెం ఈడుస్తూ నడిచే మనిషి. సుంకప్ప కూడా అట్లాగే నడుస్తాడు. దారికి అడ్డంగా పడుకున్న కుక్కలు లేచి, గోడకు ఆనుకుని నిలబడ్డాయి. మొరగలేదు. సుంకప్ప గబగబా మలుపు తిరిగాడు. ఎవరూ లేరు. మట్టి వాసన మాత్రం ఉంది.

మేకకాళ్ళ పాయా అమ్మే అంగడి ముందు ఖాజా తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. సుంకప్పను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏమాయ భాయ్ నీకు ఈపొద్దు?" అన్నాడు మెల్లగా.

"ఏం?"

"పాయా తింటివి. సరే. ఎముకలు గూడా నమిలి మింగితివి. ఒక్కటి మిగల్చలేదు. నాకు భయమాయ."

"మల్ల యాడికి పోయినాడు?"

పోయినాడు అన్నాడు సుంకప్ప, పోయినా అనలేదు. ఖాజా ఆ మాట పట్టించుకోలేదు. హంద్రీ ఏటి వైపు చెయ్యి చూపించాడు. "ఇంటికి పోతాండా అంటివి. నా వంతు ఇంగా ఆడుండాది అంటివి."

హంద్రీ వైపే సుంకప్ప ఇల్లు. శివకుమారి రోజూ మొగుడి కోసం మూతపెట్టి ఉంచే కంచం అక్కడుంది. ఆ కంచం పక్కన...

వచ్చినవాళ్ళను నడివీధిలో వదిలిపెట్టడం గైడు చేయకూడని పని. "నేరుగా పోతే రోడ్డు వస్తాదమ్మా" అని శ్రీదేవితో చెప్పి సుంకప్ప పరుగెత్తాడు. పరుగెత్తుతూనే ఇంటికి ఫోన్ చేశాడు. రెండోసారికి ఎత్తారు.

"శివకుమారీ..."

మాట లేదు. నమిలే చప్పుడు. చిన్న నోరు, చిన్న పళ్ళు. ఆగకుండా నమిలే చప్పుడు.

"భువనా... తల్లీ..."

ఫోన్ ఆగిపోయింది.

ఇంటి గడప మీద శివకుమారి కూర్చుని ఉంది. కళ్ళనిండా నీళ్ళు, మొహమంతా నవ్వు. ఆమె నవ్వి ఎన్ని నెలలైందో.

"మళ్ళీ వస్తివా? పనుందని పోతివే" అంది.

"పాప యాడుండాది?"

"లోపలుండాది. ఏం మాయ చేసినావో ఏమో. నీ చేత్తో ముద్దలు చేసి పెడితివి, కుండలో సంగటంతా తినింది. నా అన్నం గూడా తినింది. వద్దనకుండా తినిందయ్యా నా బిడ్డ."

నేను కాదు అనబోయాడు. గోడకు తల ఆనించి, నెలల నిద్రంతా ఇప్పుడే వచ్చినట్టు ఆమె కళ్ళు మూసుకుంటోంది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఒక్క క్షణం సుంకప్పకు కూడా సంతోషమే అయింది. ఎవరు పెడితేనేం, పిల్ల తినింది. ఆ క్షణం గడిచాక గబగబా లోపలికి పోయాడు.

లోపల బల్బు వెలుగుతోంది. కుండ బోర్లా పడి ఉంది. సంగటి అడుగు మాడు కూడా లేదు. చాప మీద భువన కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

సుంకప్ప పక్కన కూలబడ్డాడు. గౌను మీదుగా పిల్ల పొట్ట తడిమాడు. అంత తిన్న పిల్ల పొట్ట... డొక్క వీపుకు అంటుకుని ఉంది.

"నిండిందా తల్లీ?" అన్నాడు గుసగుసగా.

పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఆకలి నాయనా."

"అడిగినంత పెట్టయ్యా" అంది శివకుమారి గడప మీద నుంచి, నిద్ర గొంతుతో.

సుంకప్ప పిల్ల గడ్డం పట్టుకున్నాడు. భువన మెల్లగా ఆ చేతిని తప్పించుకుంది. రెండో పక్కకు తిరిగింది. అక్కడ ఖాళీ గోడ, గోడ కింద నీడ. పిల్ల తల పైకెత్తి, ఎవరి చేతి ముద్ద కోసమో నోరు తెరిచింది. కొంచెంసేపు అట్లాగే ఉంది... మూసింది... నమిలింది... మింగింది.

ఇటు తిరిగినప్పుడు పెదవి చివర తెల్లగా ఒక బొట్టు జారింది. సుంకప్ప వేలితో తుడిచాడు. గంజి. వెచ్చగా ఉంది. ఆ ఇంట్లో ఆ పూట ఎవరూ గంజి కాయలేదు.