నిన్నటి మనిషేనా?

ఏడు గంటలకు వంటింటి గోడమీది పలక వెలిగింది. రోజూ అడిగే ప్రశ్నే: "నిన్నటి మనిషేనా?" కింద రెండు మీటలు, అవును, తేడా. మనస్వి తడిచెయ్యి తుడుచుకుని "అవును" నొక్కింది. ఆమె అబద్ధం చెప్పడం ఇది పద్దెనిమిదో రోజు.

ఆమె భర్త రుత్విక్ మెదడులో నాలుగేళ్ల కిందట గ్లియోబ్లాస్టోమా గడ్డ బయటపడింది. వెనకటి రోజుల్లో ఆ పేరు వింటే ఇంటిల్లిపాదీ కూలబడిపోయేవారు. గడ్డను కోసి తీసేసినా దాని కణాలు అప్పటికే గడ్డివేళ్లలా మంచి కణాల మధ్యకు పాకిపోయి ఉండేవి. రేడియేషన్ ఇచ్చినా, బిళ్లలు మింగించినా కొన్ని నెలలకు మళ్లీ మొలిచేది. ఇప్పుడు పుర్రె లోపల మేధోజాలిక అనే సన్నటి వల పరుస్తున్నారు. రోగకణం తలెత్తిన చోటే అది మందు వదులుతుంది. అయితే దానికో చిక్కుంది. మెదడన్నాక రోజూ ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది. అందులో ఏది రోగమో, ఏది బతుకో వలకు తెలియదు. అందుకని ప్రతి రోగికీ ఇంట్లోనే ఒక ఆనవాలుదారును పెట్టారు. మాటలో, నడకలో, కోపతాపాల్లో తేడా కనబడితే ఆ మనిషి తేడా మీట నొక్కాలి. నొక్కితేనే మందు దిగుతుంది.

ఎంత తెలివైన ఏర్పాటో! కట్టుకున్నవాడు మారిపోతే ఏ భార్య అయినా బెంబేలెత్తిపోతుందని అనుకున్నారు పెద్దమనుషులు. మారినందుకు మురిసిపోయే ఇల్లాలు ఒకతె ఉంటుందని వాళ్లకు తట్టలేదు, పాపం.

రుత్విక్ కాకినాడ రేవులో క్రేన్లు నడిపే తెర ముందు ముప్పై ఏళ్లు కూర్చున్నాడు. తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు, అసలు మాట్లాడేవాడే కాదు. పిల్లలు లేని ఆ ఇంట్లో రోజుకు పది మాటలు వినబడితే గొప్ప. ఆమెకు జ్వరమొస్తే మంచం పక్కన మాత్రలు పెట్టి వెళ్లిపోయేవాడు. మంచివాడే. కానీ మంచితనంతో కబుర్లు చెప్పుకోలేం కదా. మనస్వి ఒంటరిగా ముసలిదైపోతోంది, ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

పద్దెనిమిది రోజుల కిందట అతను ఉన్నట్టుండి "మనూ" అని పిలిచాడు. తిన్నావా అని అడిగాడు. ఆమె కూరలు తరుగుతుంటే పక్కన స్టూలు వేసుకుని, రేవులో ఎప్పుడో మునిగిన పడవ సంగతీ, చిన్నప్పుడు తనను కరిచిన కుక్క సంగతీ చెప్పుకొచ్చాడు. పెళ్లినాటి ఆమె చీర రంగు కూడా చెప్పి నవ్వాడు. నుదుటి వెనక గడ్డ పెరిగితే మనిషి తీరే మారుతుందని ఆనవాలుదారుల శిక్షణలో మొదటిరోజే నేర్పారు. ఆమెకు తెలుసు. తెలిసీ, ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంది. తనమీద తనకే అసహ్యం వేసింది కూడా.

ఆ పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం అతను నారింజ ఒలిచి తొన అందిస్తుండగా ఎడమచెయ్యి వాలిపోయింది. వేళ్లు ముడుచుకోలేదు.

"ఏంటో మనూ, ఈ చెయ్యి నాది కానట్టుంది," అన్నాడు. "నువ్వు ఇక్కడే ఉండు. భయమేస్తోంది."

అంత మాట అతను జన్మలో అనలేదు. ఆమె అతని తలను గుండెకు అదుముకుని కాసేపు నిలబడింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి "తేడా" నొక్కింది.

మూడు వారాలు ఆసుపత్రిలో గడిచాయి. మందు పనిచేసింది. కాస్త ఆలస్యమైనా ప్రాణం దక్కిందనీ, ఎడమచేతి చిటికెనవేలు మాత్రం ఇక వంగదనీ డాక్టరు చెప్పాడు. మునుపటి మనిషేనా అని ఆమెను అడిగాడు. ఔనంటూ ఆమె ఏడ్చేసరికి, ఆనందం పట్టలేకపోతోందనుకుని నీళ్లు తెప్పించాడు.

కారు దానంతటదే ఇంటిదారి పట్టింది. వంతెన దాటాక రుత్విక్ గొంతు సవరించుకున్నాడు.

"నాకేం గుర్తులేదు. ఆ రోజుల్లో పిచ్చిపిచ్చిగా ఏమైనా వాగానా?"

"లేదండీ," అంది మనస్వి. "ఎప్పట్లాగే ఉన్నారు."

"హమ్మయ్య," అని అతను కిటికీ వైపు తిరిగాడు.