తీగ సరిచేసి వస్తా

హాతీబాగాన్‌లోని మా మేడగదిలో నాకు తోడు ఒక ఫ్యాను, ఒక బల్లి, ల్యాప్‌టాప్‌లో ఒక ముసలాయన. ఆయన నిర్మాల్య కాకూ, అంటే బాబాయి వరస. రాత్రంతా రైల్లో వెళ్లేంత దూరాన, జల్పాయ్‌గుడిలో ఒంటరిగా ఉంటాడు. ఒకరి మొహం ఒకరం చూడలేదు గానీ రోజూ సాయంత్రం ఇద్దరమే పోకర్ ఆడతాం. పందెం బిళ్లల విలువ చిల్లరే, వెక్కిరింతలే ఎక్కువ.

ఆటలో ఎవరి నెట్ అయినా పోతే యంత్రానికి జాలుండదు. పంచిన ప్రతిసారీ వాళ్ల ముక్కలు పారేసి, వాళ్ల పందెం అవతలివాళ్లకు ఇచ్చేస్తుంది. అందుకే మాకో ఒప్పందం: ఒకరి లైను తెగితే రెండోవాళ్లు ‘విరామం’ నొక్కి ఆగాలి. మొన్న నాది పోతే కాకూ గంటసేపు ఆగాడు.

ఆరోజు కాలబైశాఖి గాలివాన కమ్ముకొచ్చింది. ఐదింటికే చీకటి. తడి దుమ్ము వాసన.

"పగ్లీ, లైను ఊగుతోంది. డాబా ఎక్కి తీగ సరిచేసి వస్తా. ఆగు," అని రాశాడు.

"ఈ గాలికి నీ గమ్ఛా తువ్వాలు ఎగిరిపోతుంది కాకూ!"

"దాంతోనే కదే కట్టేది."

ఆయన పేరు బూడిదరంగుకు మారింది.

నేను విరామం నొక్కలేదు. ఊరికే, ఏడిపిద్దామని. వచ్చాక అన్నీ తిరిగి ఓడిపోదామనుకున్నాను. "త్వరగా రా, నీ బిళ్లలు తినేస్తున్నా!" అని ఆయన ఫోనుకు పంపాను కూడా.

తింటూనే ఉన్నాను. చివరికి ఆయన దగ్గర ఒక్క బిళ్ల మిగిలింది.

అప్పుడే, ఆరు కొట్టగానే, మా కరెంటు పోయింది. వైఫై పెట్టె ఆరిపోయింది. అయినా... తెరమీద ముక్కలు పడుతూనే ఉన్నాయి.

బూడిదరంగు పేరు కింద అక్షరాలు.

"నీ లైను పోయిందే పగ్లీ."

"కాకూ! ఎక్కడున్నావు?"

"డాబా మీద."

నా నెత్తిన, పైకప్పు మీద... అడుగులు. తడి కాళ్లు. మెల్లగా. కాలిన తీగ వాసన.

"కాకూ... ఎవరి డాబా?"

తీగ ఈడ్చిన చప్పుడు. కరెంటు లేకుండానే వైఫై పెట్టె మీద పచ్చదీపం వెలిగింది.

"కంగారుపడకు. నేను ఆగుతా."

తెల్లారాక డాబా తలుపు తాళం నేనే తీశాను. తెగిన మా నెట్ తీగను ఎవరో ఎర్రగళ్ల గమ్ఛా పీలికతో ముడేశారు.

కాకూ ఫోను మూడోరోజు పక్కింటాయన ఎత్తాడు. "పిడుగు పడిందమ్మా. ఆ గాలివాన రోజే, ఐదుంబావుకి. చేతిలో ఫోను పట్టుకునే ఉన్నాడు, ఏదో చదువుతున్నట్టు."

ఇరవై రోజులైంది. సాయంత్రం కాగానే ఆట తెరిచి, విరామం నొక్కి కూర్చుంటాను. ఆయన ఒక్క బిళ్ల అలాగే ఉంది. బయట ఎండలు పెట్రేగిపోతున్నాయి. డాబా మీద ఆ పీలిక మాత్రం... ఇంకా తడి ఆరలేదు.