కుడి బొటనవేలికి కాస్త చోటు

"ఇస్సాత్! సరస్సు నడిమధ్యన ఆ గంతులేంటి? పెళ్ళిగానీ కుదిరిందా?"

వెనకాల మంచు స్కూటరు ఆగిన చప్పుడు నాకు వినిపించనేలేదు. కుడిచెయ్యి చంకలో ఇరికించుకుని, గడ్డకట్టిన సరస్సు మీద ఎగురుతున్నాను. సరిగ్గా అప్పుడే రావాలా రిస్తిన్! మా ఊరు కౌతొకెయ్నోలో ఇంకెవరు చూసినా నేనింత సిగ్గుపడేవాణ్ణి కాదు.

"గ్లౌజుల బ్యాటరీ చచ్చింది," అన్నాను.

"గ్లౌజులకి బ్యాటరీయా! ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయావా?"

"పెట్టాను. మైనస్ ముప్పై మూడుకి తట్టుకోలేదు. షాపువాడు ఆరు గంటలు గ్యారంటీ అన్నాడు."

"వాడు షాపులో హీటరు పక్కన కూర్చుని చెప్పుంటాడు. ఏదీ, చెయ్యి చూపించు."

చూపించకుండా మొండికేశాను. పోయిన చలికాలం ఇదే బొటనవేలు మంచుకు కాలి నల్లబడింది. ఇంకోసారి అలా అయితే కొస తీసెయ్యాలని నర్సు తేల్చి చెప్పింది. నాన్న ఇంకో మాట కలిపాడు: "ఒరేయ్, ఆ వేలు మళ్ళీ తెల్లబడిందో, వసంతం వలసకి నువ్వు రావు. మీ పిన్ని కొట్టులో కూర్చుని ఉల్లిపాయలు అమ్ముకో." ఇంకో మూడు వారాల్లో మేత కోసం మా వెయ్యి పెంపుడు జింకలతో సముద్రం వైపు బయలుదేరతాం. రిస్తిన్ వాళ్ళ మందా మాతోనే కదులుతుంది. ఉల్లిపాయల దగ్గర నేను, సముద్రం దగ్గర తను! తలుచుకుంటేనే నా ప్రాణం పోతోంది.

రిస్తిన్ నా చెయ్యి లాగి, తన కుడి తొడుగు తీసి నాకు వేసేసింది. జింక కాలితోలుతో కుట్టిన తొడుగు. లోపల ఎండుగడ్డి, దాని వెచ్చదనంతో పాటు తన చేతి వెచ్చదనం కూడా!

"గడ్డి పెట్టావేంటి? నన్ను జింకననుకున్నావా?"

"జింకకి నీకన్నా తెలివుంది. బ్యాటరీలు కొనదు." జేబులోంచి ఊలు తొడుగు తీసి తను వేసుకుంది. "నాలుగు వేళ్ళు ఒకదాన్నొకటి వాటేసుకుని పడుకుంటాయి. యాక్సిలరేటర్ నొక్కే బొటనవేలే ఒంటరిది. ముందు దాన్ని చూసుకోవాలి."

నేనూ ఒంటరినే అని చెబుదామనుకున్నాను. ఇంతలో స్కూటరు రయ్యిమంది, ఆవిడగారు మాయం.

మర్నాడే తొడుగు తిరిగివ్వడానికి వాళ్ళింటికి పరుగెత్తాను. వాళ్ళ నాయనమ్మ మా పాత అలవాటు ప్రకారం కాఫీలో జున్నుముక్కలు వేసి ఇచ్చింది. రిస్తిన్ కిటికీ దగ్గర కూర్చుని కొత్త తొడుగులు కుడుతోంది. మగవాళ్ళ సైజు! నన్ను చూడగానే గబుక్కున ఒళ్ళో దాచేసింది. అయినా నా కళ్ళు ఊరుకోవుగా. కుడి తొడుగు బొటనవేలు ఎడమదానికంటే బాగా లావుగా ఉంది.

"ఇంకాస్త వదులు పెట్టవే, అతగాడికి ఇబ్బంది," అంది నాయనమ్మ.

అతగాడా! ఊళ్ళో అంత లావు బొటనవేలు ఒక్కడికే ఉంది. మిహ్కాల్. ఇంజనులో పడి నలిగిన వేలు, బంగాళాదుంపలా ఉంటుంది.

"మిహ్కాల్ అదృష్టవంతుడు," అనేసి, తన తొడుగు బల్ల మీద పడేసి లేచాను.

"ఏంటీ?"

"ఏం లేదులే. కుట్టుకో."

"ఇస్సాత్, ఆగు!"

ఆగలేదు. పౌరుషం మరి! ఆ పౌరుషంతోనే ఒకదానిమీద ఒకటి రెండు జతల గ్లౌజులు బిగించుకుని మూడు వారాలు తిరిగాను. రిస్తిన్ ఎదురొస్తే దారి మార్చాను.

వలస మొదలయ్యే రోజు పొద్దున్న విపరీతమైన గాలి. పాతిక జింకలు మంద విడిచి పారిపోయాయి. గంటసేపు తరిమి వెనక్కి తెచ్చేసరికి బొటనవేలు నాదో కాదో తెలియలేదు. నాన్న కంట పడకుండా, దగ్గర్లో ఉన్న రిస్తిన్ వాళ్ళ వలస గుడారం వెనక్కి చేరి గ్లౌజు లాగాను. కొవ్వొత్తిలా తెల్లగా ఉంది. అయిపోయింది, ఇక ఉల్లిపాయలే!

"రుద్దకు!" రిస్తిన్ పరుగెత్తుకొచ్చింది. "రెండు జతలు బిగించావా? రక్తమెలా ఆడుతుందనుకున్నావు, బుద్ధిలేనోడా!"

మెడకి చుట్టుకున్న శాలువా విప్పి, నా చెయ్యి తన మెడకి ఆనించుకుంది. చల్లదనానికి కళ్ళు గట్టిగా మూసుకుంది, కానీ వదల్లేదు.

"నాన్న వస్తున్నాడు," అన్నాను.

"రానీ. కదలకు."

ముందు సూదులు గుచ్చినట్టయింది. తర్వాత మంట. ఆ తర్వాత నా వేలి కింద తన నాడి టకటకా కొట్టుకోవడం తెలిసింది. వేలికి ప్రాణం వచ్చిందన్నమాట! నాకైతే రెండు ప్రాణాలొచ్చాయి.

తను కోటులోంచి ఆ కొత్త తొడుగులు తీసి నా ఛాతీకేసి కొట్టింది. "వేసుకో."

"మిహ్కాల్‌వి కదా?"

"వాడి వేలు కొలిచే ఖర్మ నాకేంటి? చుట్టూ గడ్డి పట్టాలని నీ బొటనవేలికి చోటు ఎక్కువ వదిలాను. సరస్సు మీద నా తొడుగు వేసింది దేనికనుకున్నావు? నీ చెయ్యి ఎంతుందో చూడ్డానికి! మూడు వారాలు ముఖం తిప్పుకు తిరిగావు... ఎంత ఏడిపించావో తెలుసా?"

"ఒరేయ్, చెయ్యి చూపించు!" నాన్న గొంతు.

చూపించాను. ఎర్రగా, సుబ్బరంగా ఉంది వేలు. నాన్న వేలిని చూశాడు, నా చంకలోని తొడుగుల్ని చూశాడు, కుట్టు తిరగేసి చూశాడు. ఎవరి కుట్టో మా వాళ్ళకి చెప్పక్కర్లేదు. రిస్తిన్ చెవులదాకా ఎర్రబడి గుడారంలోకి దూరిపోయింది.

"సరే, బయలుదేరు," అన్నాడు నాన్న.

బయలుదేరాను, కానీ సముద్రం వైపు కాదు. మా తాతల కాలంలో పిల్లని అడగడానికి వెళ్ళినవాడు ఆమె గుడారం చుట్టూ జింకబండి మీద మూడు చుట్లు తిరిగేవాడు. పిల్ల బయటికొచ్చి జింకని విప్పితే ఒప్పుకున్నట్టు. రాకపోతే తల దించుకుని పోవడమే. నాకు జింకబండి లేదు. స్కూటరుకి సామాను బండి తగిలించి ఉంది. తిప్పాను!

మొదటి చుట్టుకి అందరూ పని ఆపేశారు. రెండో చుట్టుకి నాన్న తల పట్టుకున్నాడు. మూడోది కూడా అయిపోయింది. ఎవరూ రాలేదు. సముద్రందాకా ఈ పరువుతక్కువ మోసుకెళ్ళాలా, దేవుడా!

గుడారం తెర లేచింది. రిస్తిన్ నా వైపు చూడకుండా వెనక్కి నడిచి, వంగి, సామాను బండి కొక్కెం ఊడదీసింది.

"అంతసేపు ఏం చేశావే లోపల?" నాయనమ్మ అరిచింది.

"వెంటనే వచ్చేస్తే లోకువైపోనూ!"

నవ్వులే నవ్వులు. నేను స్కూటరు మీదే నిలబడి కేక పెట్టాను. జింకలు బెదిరాయి.

"బాగానే ఉంది," అన్నాడు నాన్న చిరాగ్గా. "వెయ్యి జింకలు నిలబడున్నాయి. ఆ విప్పిన బండి ఇప్పుడెవరు లాగుతారు?"

"నా స్కూటరుకి కట్టండి, మావయ్యా," అంది రిస్తిన్.

నాన్న గాలి మరీ ఎక్కువగా ఉందని గొణిగి, కళ్ళు తుడుచుకుని, తనే వంగి బండి కట్టాడు.